తోడు ఉండొద్దన్న వైద్యం

మా అత్తకు ఆ జబ్బు మొదటిసారి వచ్చిననాడు నేను బస్సులో ఆమె పక్క సీట్లోనే ఉన్నాను. పలమనేరులో బంధువుల బిడ్డకు చెవులు కుట్టిస్తే పోయి, చిత్తూరుకు తిరిగొస్తా ఉన్నాము. మామిడికాయల కాలం. బంగారుపాళ్యం దగ్గరికి వచ్చేసరికి గుజ్జు ఫ్యాక్టరీలకు కాయలు తోలే ట్రాక్టర్లు దావ పొడుగునా నిలబడిపోయి ఉన్నాయి. వాటి మధ్యలో మా బస్సు ఇరుక్కునింది. ముందుకూ పోలేదు, వెనక్కూ పోలేదు. డ్రైవరు ఇంజను ఆపేసి బీడీ ముట్టించుకోను దిగిపోయినాడు. కిటికీలోంచి చెయ్యి చాపితే తోతాపురి కాయలు అందేటంత దగ్గరగా ఒక ట్రాక్టరు ఆనుకొని ఉంది. గాలి ఆడడం లేదు.

అత్త ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకునింది. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నన్ను ఆమె అట్ల పట్టుకోవడం అదే మొదలు. ఆ ఎండలో కూడా ఆమె చెయ్యి చల్లగా, తడిగా ఉంది. దిగాలి అనింది. సీట్ల మధ్య మనుషులు కిక్కిరిసి నిలబడి ఉన్నారు, తలుపు దాకా పోయే దారి లేదు. ఊపిరి అందడం లేదనింది, గుండె చీలిపోతా ఉందనింది. కడాకు నా చెవి దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా చెప్పింది. "నేను చచ్చిపోతా ఉండాను."

మా అత్త ఉత్తపుణ్యానికి అట్ల అనే మనిషి కాదు. మా మామ చిన్న వయసులోనే పోతే, కొడుకు చేతికొచ్చే దాకా పాత్రల అంగడిని ఒక్కతే నడిపిన మనిషి. అందుకే నాకు నిజంగానే భయమేసింది. కండక్టరు జనాన్ని తొలిగించి దావ ఇస్తే, ఆమెను కిందికి దించి ట్రాక్టరు నీడలో కూర్చోబెట్టినాను. చీర కొంగుతో విసిరినాను, నీళ్లు తాపినాను, ఏం కాదత్తా ఏం కాదత్తా అంటానే ఉన్నాను. కొంచెంసేపటికి అదే తగ్గిపోయింది. ఇంటికి పోయినాక ఆమె మా ఆయనతో చెప్పింది, ఈ పిల్ల పక్కనుండబట్టి బతికినాను అని.

ఆ మాటకు నేను ఆ దినం మురిసిపోయినాను. దాంట్లో నేను ఎంత లోతుకు దిగబడిపోతానో అప్పుడు నాకు తెలీదు.

మళ్లీ వచ్చింది. అంగట్లో గిన్నెలు తూకం వేస్తా ఉండంగా వచ్చింది, గుళ్లో వచ్చింది, స్నానాల గదిలో వచ్చింది. గుండె డాక్టర్లకు చూపించినాము. చిత్తూరులో చూపించినాము, వేలూరికి పోయి చూపించినాము. గుండె బాగుంది అన్నారు అందరూ. ఒకాయన గ్యాస్ అన్నాడు. మా బంధువుల్లో ఒకామె తాయెత్తు కట్టించింది. గుండె బాగుందని చెప్పినప్పుడల్లా అత్త మొగం ఇంకా చిన్నదైపోయేది. చచ్చేంత బాధ పడతా ఉంటే ఏమీ లేదంటారే అని.

ఏండ్లు గడిచేకొద్దీ ఆమె ఒక్కొక్కటే మానుకుంటా వచ్చింది. ముందు బస్సు మానేసింది. తర్వాత కల్యాణ మంటపాలు, తర్వాత అంగడి. కడాకు ఇంట్లో ఒంటరిగా ఉండడం కూడా మానేసింది. ఆమె స్నానానికి పోతే తలుపు వారగా తెరిచి పెట్టి నేను బయట ముక్కాలిపీట మీద కూర్చోవాలి. నేను స్నానానికి పోతే ఆమె వచ్చి అదే పీట మీద కూర్చునేది. మధ్యాహ్నం ఆమె పడుకుంటే నేను లేవడానికి లేదు, లేస్తే గాజుల శబ్దానికే ఆమెకు మెలకువ వచ్చేది. పుత్తూరులో మా అమ్మకు మోకాలి ఆపరేషన్ అయితే అత్తను వెంటబెట్టుకొని బాడుగ కారులో పోయినాను. ఆస్పత్రి లోపలికి వచ్చేదానికి ఆమెకు కాలేదు. ఆమె కారులో కూర్చుంటే నేను లోపలికి పోయి, అమ్మ మంచం దగ్గర నిలబడే మాట్లాడి, మళ్లీ బయటికి వచ్చేసినాను. అమ్మ దుప్పటి సర్దుకొని గోడ తట్టు తిరిగింది.

మా ఆయన చెడ్డవాడు కాదు. పొద్దున అంగడికి పోయేవాడు, రాత్రికి వచ్చేవాడు, అమ్మ ఎట్లుందని నన్ను అడిగేవాడు. నువ్వెట్లున్నావని అడగాలని ఆయనకు తోచలేదు. అడిగింటే నేనేం చెప్పేదాన్నో నాకూ తెలీదు.

చిత్తూరులో కొత్తగా వచ్చిన ఒక చిన్న డాక్టరు ఆమెను కూర్చోబెట్టుకొని చాలాసేపు మాట్లాడినాడు. ఇది గుండెది కాదమ్మా, గుండెను గురించిన భయానిది, దీన్ని ప్యానిక్ డిసార్డర్ అంటారు అన్నాడు. నువ్వు పడే బాధ అబద్ధం కాదని కూడా చెప్పినాడు. ఆ ఒక్క మాటకే మా అత్త ఆయన ముందర ఏడ్చేసింది. తిరుపతిలో ఒక ఆస్పత్రిలో ఈ జబ్బుకు ఏ వైద్యం బాగా పనిచేస్తాదో తెలుసుకొనేదానికి పరిశోధన చేస్తా ఉన్నారు, చేరతారా అని అడిగినాడు.

తిరుపతికి కారు మాట్లాడుకొని పోయినాము. బస్సు అయితే ఆమె ఎక్కదు. ఆడ మమ్మల్ని కూర్చోబెట్టి అంతా విడమర్చి చెప్పిన పిల్ల సైకాలజిస్టు. నాకంటే చిన్నదే ఉంటాది. మా అత్త ఆమెను మొదటి దినం నుంచే డాక్టరు పాప అని పిలిచింది. చేరినవాళ్లలో కొందరికి మాత్రలు, కొందరికి మాత్ర లేకుండా సాధన. ఎవరికి ఏది అనేది డాక్టర్లు ఎంచరంట, కంప్యూటర్ చీటీ తీసినట్టు తీస్తాదంట. అప్పుడే ఏ వైద్యం ఎంత పనిచేసిందో నిక్కంగా తెలుస్తాదంట. అత్త అన్నీ విని ఒకే ఒక్కటి అడిగింది.

"నడిమధ్యలో నాకు వద్దనిపిస్తే?"

"ఎప్పుడైనా మానుకోవచ్చు. కారణం చెప్పే పని కూడా లేదు. మీ వైద్యానికి ఏమీ తక్కువ కాదు" అనింది ఆ పిల్ల.

అత్త వెంటనే సంతకం పెట్టింది. ఎప్పుడంటే అప్పుడు లేచి వచ్చేయొచ్చు అని ఎవరైనా చెప్పిన చోట ఆమెకు భయం ఉండదు. తోడుగా ఉండే మనిషికి కూడా దీంట్లో కొంత పని ఉంటాది కాబట్టి నేనూ సంతకం పెట్టాలని ఆ పిల్ల చెప్పింది. మీకూ అంతే, ఎప్పుడైనా మానుకోవచ్చు అనింది. నేను పెన్ను పట్టుకొని అట్లే కూర్చుండిపోయినాను. ఈ ఇంటికి వచ్చినాక అట్లాంటి మాట నాతో ఎవరూ అనలేదు. నవ్వాలో ఏడవాలో తెలీక బిరీన సంతకం పెట్టేసినాను.

అత్తకు సాధన గుంపు వచ్చింది. మాత్ర లేని వైద్యం ఏం వైద్యమని మా ఆయన విసుక్కున్నాడు. మొదటి వారం ఏం చేయించినారో చూసి నాకూ అట్లే అనిపించింది. అత్తను ఆఫీసుల్లో ఉండే తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి ఆ పిల్ల గిరగిరా తిప్పింది. రెండో తూరి ముక్కు మూసుకొని కూల్‌డ్రింక్ తాగే గొట్టంలోంచి ఊపిరి పీల్చమనింది. ఇంకొక తూరి ఆస్పత్రి మెట్లన్నీ గబగబా ఎక్కించి దించింది. గుండె దడ, గస, తల తిరగడం, ఏది వస్తే అత్త చచ్చిపోతానని భయపడతాదో దాన్నే కావాలని తెప్పిస్తారు. వచ్చినాక ఏమీ చేయకుండా అది తగ్గే దాకా చూస్తా ఉండాలి. అట్ల పదేపదే చేస్తే, దడ వేరు, చావు వేరు అని ఒంటికి తెలిసొస్తాదంట.

"ఈ వయసులో నన్ను బొంగరం చేసినారు గదా పాపా" అనింది అత్త, కుర్చీలోంచి లేచి తూలుతా. ఆ పిల్ల నవ్వింది. చాలా కాలానికి అత్త కూడా నవ్వింది.

నా పని ఏందో తర్వాతి వారం ఆ పిల్ల చెప్పింది. నన్ను పక్కకు పిలిచి, ఆమెకు అది వచ్చినప్పుడు మీరేం చేస్తారని అడిగింది. చెయ్యి పట్టుకుంటాను, నీళ్లిస్తాను, విసురుతాను, ఏం కాదని చెప్తాను అన్నాను. పరీక్షలో అన్నిటికీ జవాబు తెలిసిన బిడ్డ మాదిరి చెప్పినాను. ఆ పిల్ల తలాడించి, ఇవన్నీ మానుకోవాలనింది. చెయ్యి పట్టుకోకూడదు. నీళ్లివ్వకూడదు. ఏం కాదని కూడా అనకూడదు. మీరు పక్కనుండబట్టి బతికినానని ఆమె ప్రతిసారీ అనుకుంటా ఉంది, మీరు లేకపోయినా బతుకుతానని ఆమెకు తెలిసే అవకాశమే రావడం లేదు అని చెప్పింది. తప్పు చేసినట్టు అనుకోవద్దండీ, ఎవరైనా ఇదే చేస్తారు అని కూడా అనింది.

ఆ దినమే అత్తను ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి తలుపు మూసినారు. లోపల ఆ పిల్ల ఉంది. నేను వరండాలో ఉండాలి. అత్త ఒప్పుకొనే పోయింది. కొంచెంసేపు సద్దు లేదు. ఆపైన నన్ను పిలవడం మొదలుపెట్టింది. ఎప్పుడూ నన్ను పిలిచేటట్టే, మే, మే అని. ముందు మామూలుగా, తర్వాత గొంతు పెంచి, తర్వాత బతిమాలతా. వరండాలో పోతా ఉండేవాళ్లు నన్ను, ఆ తలుపును మార్చి మార్చి చూస్తా ఉన్నారు. నేను కిటికీ ఊచలు పట్టుకొని నిలబడినాను. ఆ పిలుపుకు ఎన్నో ఏండ్లుగా లేచి పరుగెత్తిన కాళ్లు, నిలబడమంటే నిలబడడం లేదు. ఊచలు వదిలితే లోపలికి పోతానని నాకు తెలుసు.

పిలుపు ఆగిపోయింది. దాంతో నాకు ఇంకా భయమేసింది. తలుపు తెరిచేసరికి అత్త జాకెట్టు చెమటకు తడిసిపోయి ఉంది, మొగం మాత్రం నెమ్మదిగా ఉంది. నా తట్టు చూడలేదు. కారులో తిరుపతి నుంచి చిత్తూరు దాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంట్లో సాధన ఇంకా కష్టం. ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నాల కాడ ఆమెకు వచ్చింది. కంచం పక్కకు నెట్టి రొమ్ము పట్టుకునింది. నేను ఆ పిల్ల చెప్పినట్టే కూర్చున్నాను. ఎదురుగ్గా ఉండే సంగటి ముద్దను చూస్తా కూర్చున్నాను. మా ఆయన నీళ్ల చెంబు ఎత్తుకొని పరుగెత్తినాడు. అమ్మకు తాపించి నా తట్టు తిరిగినాడు.

"అమ్మ చచ్చిపోతా ఉంటే చూస్తా కూర్చున్నావా నువ్వు?"

ఇది వైద్యం, నాకు ఆడ చెప్పిందే ఇది అన్నాను. నా గొంతు నాకే దొంగ గొంతు మాదిరి వినపడింది. అత్త నీళ్లు తాగింది. నా పక్షాన ఏమీ మాట్లాడలేదు. ఆ వారమంతా మా ఆయన నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఈ సంగతి బంధువులకు ఎట్ల తెలిసిందో గాని, ఫోన్లు చేసి అత్తను జాగ్రత్తగా చూసుకోమ్మా అని నాకు చెప్పడం మొదలుపెట్టినారు. చెయ్యి పట్టుకుంటే వైద్యం చెడుతాది. పట్టుకోకపోతే నేను రాతిగుండె కోడలిని. ఆ దినాల్లో వంటింట్లో నిలబడి, ఎవరికీ చెప్పకుండా ఎప్పుడైనా మానుకోవచ్చు అనే మాటను నాలో నేనే అనుకుంటా ఉండేదాన్ని. మానుకొని యాడికి పోయేది?

మధ్యలో ఒకతూరి అత్తకు ఎట్లుందో కొలిచేదానికి ఇంకొకామె ప్రశ్నలు అడిగింది. మాత్రలా సాధనా, ఏ గుంపులో ఉన్నారో ఆమెకు తెలియకూడదంట. తెలిస్తే ఆమె మనసు ఒక తట్టుకు మొగ్గుతాదని ముందే హెచ్చరించినారు. మా అత్తకు అది చాలా కష్టమైపోయింది. అంత మర్యాదగా అడుగుతా ఉంటే దాచిపెట్టడం పాపమనిపించిందంట. గొట్టం, కుర్చీ అని నోటి దాకా వచ్చి మింగేసిందంట. బయటికి వచ్చి నాకు అదంతా చెప్పి నవ్వింది. ఆ తలుపు మూసిన దినం తర్వాత ఆమె నాతో నవ్వతా మాట్లాడింది అదే మొదలు.

ఆపైన ఆమెను ఇంట్లో ఒంటరిగా వదిలిపెట్టాలని చెప్పినారు. నేను బయటికి పోవాలి, ఫోన్ చేయకూడదు, ఆమె చేసినా ఎత్తకూడదు. ఎంతసేపు అనేది అత్తే చెప్పింది, పప్పు ఉడికి చల్లారేంతసేపు అని. మా ఆయన వద్దన్నాడు. అత్త వినలేదు. నువ్వు అంగడికి పో అని కొడుకును పంపించేసి, నా చేతికి చెప్పులు తెచ్చిచ్చింది.

ఎన్నో ఏండ్లుగా నేను కోరుకున్నది అదే. ఒక్కదాన్నే వీధిలో నడవాలని. వీధి చివరికి పోయినాక నాకు యాడికి పోవాలో తెలీలేదు. కొనాల్సింది ఏమీ లేదు. పలకరించేంత దగ్గరి స్నేహితులు ఎవరూ మిగల్లేదు, పిలిచినవాళ్ల ఇండ్లకు పోయింటే కదా మిగిలేది. నడిచి నడిచి బస్టాండుకు పోయి సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. వేలూరు బస్సు, కుప్పం బస్సు, తిరుపతి బస్సు, కండక్టర్లు అరుస్తా ఉన్నారు. ఏది ఎక్కినా అడిగేవాళ్లు లేరు. నేను మాత్రం ఒళ్లో ఫోన్ పెట్టుకొని దాన్నే చూస్తా ఉన్నాను. మోగితే ఎత్తకూడదు. మోగకపోతే ఆమె పడిపోయి ఉందేమో. పక్కన కూర్చున్న ఒక పెద్దామె యాడికి పోవాలమ్మా అని అడిగింది. నా నోటి నుంచి ఇంటికి అని వచ్చింది.

తిరిగి పోయేటప్పుడు నడవలేదు, దాదాపు పరుగెత్తినాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. అత్త వంటింట్లో నేల మీద, బీరువాకు ఆనుకొని కూర్చుని ఉంది. జుట్టు రేగిపోయి ఉంది. పొయ్యి మీద పప్పు ఉడికి చల్లారిపోయి ఉంది. వచ్చిందా అత్తా అని అడిగినాను. వచ్చింది అనింది. చానా గట్టిగా వచ్చిందంట. ఫోన్ తీసుకునిందంట, మళ్లీ బియ్యం డబ్బాలో పెట్టి మూత పెట్టేసిందంట. ఈడనే చచ్చిపోతాను కానిమ్మని కింద కూర్చునిందంట. కూర్చొని కూర్చొని, చావడం లేదే అని చూస్తా ఉంటే, ఎదురింటోళ్ల కుక్క అరుస్తా ఉండేది వినపడిందంట. అప్పుడు తెలిసిందంట, తగ్గిపోయిందని.

నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె నా మొగం తట్టు చూసి, ఎప్పుడూ అననిది అనింది.

"ఒకటి చెప్తాను, ఏమనుకోవద్దు మే. నువ్వు పక్కనుంటే నాకు ధైర్యమని అందరితో చెప్తా వచ్చినాను. అది నిజమే. కానీ నువ్వు నన్ను చూసేది ఉండాది చూడు, నాకేదో అయిపోతాది అన్నట్టు. కాఫీ తాగతా ఉన్నా చూస్తావు, దగ్గినా చూస్తావు. నీ మొగం చూస్తానే, ఓహో ఇప్పుడు వస్తాదేమో అని నాకు దడ మొదలయ్యేది."

ఆమె నన్ను కట్టేసిందని అన్నేండ్లు అనుకున్నాను. నా చూపుతో ఆమె కూడా కట్టుబడి ఉందని నాకు ఎవరు చెప్తారు?

"మరి ముందే ఎందుకు చెప్పలేదత్తా?"

"చెప్తే నువ్వు పోతావు గదా" అనింది.

ఇద్దరమూ ఆ నేల మీద చాలాసేపు కూర్చున్నాము. ఆమె చెయ్యి నా చేతికి దగ్గరగానే ఉంది. నేను పట్టుకోలేదు, ఆమె కూడా పట్టుకోలేదు. మా ఆయన అన్నానికి వచ్చి మమ్మల్ని చూసి బెదిరిపోయి నీళ్ల చెంబు కోసం పోతా ఉంటే, "నాకొద్దు, నువ్వు తాగు" అని చెప్పింది అత్త.

ఆ తర్వాత అది సాఫీగా నడిచిపోయిందని చెప్తే అబద్ధమవుతాది. ఆమె వీధి చివరి దాకా ఒంటరిగా పోయింది, అంగడికి పోయింది, లిఫ్టు ఎక్కింది. ఒకనాడు ఒక్కతే బస్సులో తిరుపతికి పోయి డాక్టరు పాపకు కనపడి వచ్చింది. సాధన వారాలు అయిపోయినాక ఎండాకాలంలో మళ్లీ గట్టిగా వచ్చి, కొన్ని దినాలు ఇల్లు కదలలేదు. నేనూ మళ్లీ ముక్కాలిపీట తెచ్చుకున్నాను, ఆమె అడగకముందే. తర్వాత ఆమే గొట్టం తీసుకొని, ముక్కు మూసుకొని, వసారాలో కూర్చొని మొదటి నుంచి మొదలుపెట్టింది. ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తాది. వచ్చిందిలే, పోతాదిలే అంటాది. మాత్రలు తీసుకున్నవాళ్లకు ఎట్లుందో మాకు తెలీదు. అందరిదీ ముగిసి లెక్క తేలినాకే చెప్తామని ఆ పిల్ల అనింది. ఇంకా చెప్పలేదు.

కడపటి తూరి పోయినప్పుడు, తోడుగా ఉండేవాళ్లను కూడా అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయని డాక్టరు పాప నన్ను కూర్చోబెట్టింది. మీకంటూ దొరికిన సమయంలో ఏం చేస్తా ఉన్నారని అడిగింది. అత్త గదిలో స్టీలు గ్లాసు కింద పడితే నా గుండె ఇప్పటికీ గొంతులోకి వస్తాదని, నిద్రలో కూడా ఆమె ఊపిరి లెక్క పెడతా ఉంటానని చెప్పినాను. మా మాదిరి వాళ్లకు కూడా ఏదైనా పరిశోధన ఉందా అని అడిగినాను. ఆ పిల్ల నవ్వబోయి ఆగిపోయింది. ఇప్పటికైతే ఈడ లేదండీ అనింది. ఉండాల్సిందే అని కూడా అనింది. నన్ను ఒక డాక్టరుకు చూపించుకోమని చెప్పింది. చూపించుకుంటానని అన్నాను, ఇంకా పోలేదు.

ఇప్పుడు నేను పుత్తూరికి పోయి అమ్మ దగ్గర రెండు మూడు దినాలు ఉండి వస్తాను. అత్తే పంపిస్తాది, బస్సు కాడికి వచ్చి మరీ ఎక్కిస్తాది. పోయినసారి అమ్మ మోకాలికి నూనె రుద్దుకుంటా చటుక్కున తలెత్తి, ఎందుకట్ల చూస్తావు నన్ను, నాకేమైంది అనింది. నేను చూస్తా ఉన్నట్టే నాకు తెలీదు. ఏం లేదమ్మా అని చెప్పి, లేచి వాకిట్లోకి పోయి, వీధిలో పోయేవాళ్లను చూస్తా నిలబడినాను. కొంచెంసేపే నిలబడగలిగినాను. తర్వాత మళ్లీ లోపలికి వచ్చి, ఆమె కనపడేచోట కూర్చున్నాను.